ఉయ్యాలవాడ: ఊరు, కేంద్రం, శివారు

నిర్వచనం, పరిధి

ఉయ్యాలవాడ నంద్యాల జిల్లాలోని ఒక గ్రామం, అదే పేరుగల మండలానికి కేంద్రం. కుందూ నది పరీవాహకంలో, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ పట్టణాల పలుకుబడి కలిసేచోట ఉంది. శాసనసభకు ఆళ్లగడ్డ, లోక్‌సభకు నంద్యాల దీని నియోజకవర్గాలు. తెలంగాణలోనూ ఈ పేరు ఊళ్లున్నాయి. ఇక్కడ చెబుతున్నది రేనాటి ఉయ్యాలవాడ గురించి. చరిత్ర పుస్తకాల్లోకి ఈ ఊరు ఇద్దరు వ్యక్తుల వల్ల ఎక్కింది. ఒకరు 1846లో ఈస్టిండియా కంపెనీపై తిరగబడిన నరసింహారెడ్డి, రెండోవారు 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డి. ఈ ఇద్దరినీ కలిపి ‘రేనాటి సూర్యచంద్రులు’ అంటారు. ఊరి గురించిన రాతలు సాధారణంగా ఈ ఇద్దరి దగ్గరే మొదలై ఇద్దరి దగ్గరే ఆగిపోతాయి. వారిని కన్న ఊరి బతుకు ఎలా నడిచిందన్న ప్రశ్న పక్కకు పోతుంది.

తెలుగులో ‘శివారు’కు రెండు వాడుకలున్నాయి. పట్నం అంచున పెరిగిన పేటను శివారు అంటాం. రెవెన్యూ లెక్కల్లో పెద్ద గ్రామానికి అంటిపెట్టుకున్న చిన్న పల్లెనూ శివారే అంటాం. మొదటి వాడుకలో దూరం ముఖ్యం, రెండోదాంట్లో లెక్క ఎవరి పుస్తకంలో రాస్తారన్నది ముఖ్యం. నంద్యాలలో కలిసిపోయిన నూనెపల్లె, మూలసాగరం మొదటి రకానివి. 1920లో ఒక్క చట్టంతో 59 గ్రామాలను, 27 ఎస్టేట్లను తనలో కలుపుకొన్న బెర్లిన్, 2007లో 12 పురపాలక సంఘాలను, 8 పంచాయతీలను కలుపుకొన్న హైదరాబాద్ ఇదే పద్ధతికి పెద్ద ఉదాహరణలు. ఉయ్యాలవాడను ఏ పట్నమూ కలుపుకోలేదు. నేటికీ దాని చుట్టూ చేలే. అయినా రెండో అర్థంలో అది రెండు శతాబ్దాలకు పైగా శివారే. పంట ఊళ్లో పండింది, దానిమీద శిస్తు, భరణం, శిక్ష, సహాయం మాత్రం మరో ఊళ్లో నిర్ణయమయ్యాయి. నరసింహారెడ్డి తిరుగుబాటును, వెంగళరెడ్డి దానాన్ని, 1985లో వచ్చిన మండల హోదాను ఈ కోణంలో చూస్తే అవి మూడు వేరువేరు కథలుగా కాక ఒకే చరిత్రగా కనిపిస్తాయి.

నేల, నీరు (చూ. రేనాడు, కుందూ నది, కర్నూలు–కడప కాలువ)

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ లోయ. ఎర్రమలల్లో పుట్టిన కుందూ నంద్యాల మీదుగా దక్షిణానికి పారి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. ఈ లోయలో ఎక్కువ భాగం నల్లరేగడి. చరిత్రకారులు రేనాడుగా గుర్తించే ప్రాంతంలో ఇది భాగం. తొలి తెలుగు శాసనంగా పేరుపడ్డ, సుమారు క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనం వేయించిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాటి చోళుడే. కాబట్టి ఈ నేల మీద పన్ను, కావలి, దానం అన్న మూడింటి చరిత్ర పాలెగాళ్ల కంటే చాలా పాతది.

రేగడి స్వభావం తెలియకుండా ఈ ఊరి ఆర్థికం అర్థం కాదు. ఈ నేల వానను లోపల దాచుకుంటుంది. ముంగారులో ఖాళీగా ఉంచి, వానలు వెనకబట్టాక విత్తినా ఆ తేమతోనే పైరు గట్టెక్కుతుంది. జొన్న, పత్తి తరతరాలుగా ఇలా పండినవే. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ సుంకేసుల నుంచి కర్నూలు–కడప కాలువ తవ్వినప్పుడు లోయ రైతులంతా నీటికి ఎగబడతారని లెక్క వేసుకుంది. అలా జరగలేదు. రేగడి చేలకు కట్ట కట్టి నీరు పెట్టడం రైతుకు లాభంగా తోచలేదు, వాన మొహం చాటేసిన ఏడు మాత్రమే కాలువ వైపు చూశాడు. నష్టాల్లో పడ్డ కంపెనీ నుంచి 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. దీన్ని రైతు మొండితనమని రాసినవారున్నారు. నీటి రేటు, సాగు ఖర్చు, నేల గుణం మూడూ లెక్కేస్తే అది మొండితనం కాదు, లెక్కే. వేరేచోట కూర్చుని వేసిన లెక్కకూ చేను గట్టున వేసిన లెక్కకూ తేడా రావడం ఈ ప్రాంత చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. 1990ల తర్వాత ఇదే రేగడి మీద, ఇదే తేమతో శనగ విస్తరించింది. తక్కువ కాలంలో కోతకొచ్చే జేజీ-11 వంటి రకాలు రావడంతో కర్నూలు జిల్లా రాష్ట్రంలోనే పెద్ద శనగ ప్రాంతమైంది, కోవెలకుంట్ల చుట్టుపక్కల మండలాలు అందులో ముఖ్యమైనవి.

పాలెగాళ్లు, తవర్జీ (చూ. దత్తమండలాలు, థామస్ మన్రో, నొస్సం)

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నాడు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఇక్కడ సుమారు ఎనభై మంది పాలెగాళ్లు ఎదురయ్యారు. పాలెగాడంటే కొన్ని ఊళ్ల కావలి బాధ్యత వహించి, ప్రతిఫలంగా ఆ ఊళ్ల ఆదాయంలో వాటా అనుభవించే సాయుధ నాయకుడు. మన్రో రైత్వారీ పద్ధతిలో ఇలాంటి మధ్యవర్తికి చోటు లేదు. ప్రభుత్వం రైతుతో నేరుగా లెక్క చూసుకుంటుంది. పాలెగాళ్ల బలగాలను రద్దు చేసి, భూములు తీసుకుని, నెలకింత అని భరణం ఏర్పాటు చేశారు. ఈ భరణాన్నే జనం తవర్జీ అన్నారు.

నరసింహారెడ్డి కుటుంబానికి దక్కిన తవర్జీ అంకెలే ఈ మార్పు ఎలాంటిదో చెబుతాయి. ఆయనకు నెలకు అందినది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఇది 70 రూపాయల్లో సరిగ్గా ఆరో వంతు. కుటుంబానికి వచ్చే 70లో సగం తండ్రి పెద్ద మల్లారెడ్డి పాలు, ఆ 35 ముగ్గురు కొడుకులకు మూడు వాటాలు. భూమి పంచుకుంటే మిగిలిన ముక్కమీద సేద్యం చేసి ఫలసాయం పెంచుకోవచ్చు. నగదు భరణం తరం తరానికీ చిన్నదవుతుందే తప్ప పెరగదు. పైగా దాన్ని కోవెలకుంట్ల ఖజానాలో తెచ్చుకోవాలి. మాతామహుడు, నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి పోయాక వారసుడు లేడన్న కారణంతో అటువైపు భరణం నిలిచిపోయింది. నిన్నటిదాకా కావలి రుసుము వసూలు చేసిన ఇంటివారు ఇప్పుడు తాలూకా కచేరీ గుమ్మం ముందు వరసలో నిలబడాల్సి వచ్చింది. ఊరు శివారుగా మారడమంటే ఆచరణలో ఇదే.

నష్టపోయింది పాలెగాళ్లే కాదు. వారి కింద కట్టుబడి బంట్లుగా ఊళ్లు కాసినవారికి మాన్యం భూములుండేవి. కట్టుబడివారు చనిపోయినప్పుడల్లా వారి ఇనాములను ప్రభుత్వం వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. తిరుగుబాటు బలగం ఈ వర్గం నుంచే సమకూరింది.

1846 తిరుగుబాటు

1846 జూలైలో నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేశాడు. దాడి ఎక్కడ జరిగిందన్నది గమనించాలి. కలెక్టరు ఉన్నది కడపలో, సైన్యం ఉన్నదీ అటువైపే. అయినా తొలి దెబ్బ తవర్జీ ఇచ్చే, శిస్తు వసూలు చేసే గది మీద పడింది. తర్వాత గిద్దలూరు వైపు కంపెనీ బలగాలతో పోరు సాగింది. బోయలు, చెంచులు, కట్టుబడివారు ఆయన వెంట నిలిచారు. గోసాయి వెంకన్న పేరు ముఖ్య అనుచరుడిగా నిలిచిపోయింది. నల్లమల ఆశ్రయమిచ్చింది. కాక్రేన్ అప్పటి తాత్కాలిక కలెక్టరు. కెప్టెన్ నాట్, లెఫ్టినెంట్ వాట్సన్ బలగాలు వెంటాడగా 1846 అక్టోబరు 6న పేరుసోమల వద్ద నరసింహారెడ్డి పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో బహిరంగంగా ఉరితీశారు. తలను 1877 దాకా అక్కడే వేలాడదీసి ఉంచారు. దాదాపు వెయ్యిమందిపై వారంట్లు వచ్చాయి. వారిలో 412 మందిని అభియోగాలు లేకుండా విడిచిపెట్టారు, 273 మంది జామీను మీద బయటికొచ్చారు, 112 మందికి శిక్ష పడింది.

దీన్ని స్వాతంత్ర్య సమరమనాలా, భరణం తగాదా అనాలా అన్న వాదన చాలాకాలంగా ఉంది. భరణం తగాదా అనేవారి చేతిలో కంపెనీ పత్రాలున్నాయి. అవి రూపాయలు, అణాల గురించి, కోతపడ్డ ఇనాముల గురించే మాట్లాడతాయి. సమరమనేవారు 1857కు పదకొండేళ్ల ముందే ఆయుధం పట్టిన తేదీని, వెంట నడిచిన జనాన్ని చూపుతారు. రెండు వాదనల్లోనూ లోపం ఉంది. పదకొండు రూపాయల కోసం ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టవచ్చేమో, వందలమంది పెట్టరు. వారిలో చాలామందికి తవర్జీ అన్నదే లేదు. మరోవైపు, దేశం మొత్తాన్ని ఒక రాజకీయ వ్యక్తిగా ఊహించే భాష 1846 నాటి రేనాటి పల్లెల్లో ఉందనడానికి ఆధారం లేదు. నిలబడే వివరణ వీటి నడుమ ఉంది. కావలి, మాన్యం, రుసుము అన్న స్థానిక ఏర్పాటును తాలూకా కేంద్రం తన చేతిలోకి లాక్కుంది. దానివల్ల పై మెట్టులో రెడ్డి, కింది మెట్టులో కట్టుబడి బంటు ఒకేసారి నష్టపోయారు. అందుకే వారు ఒకే గుంపుగా నడిచారు. తల ముప్పై ఏళ్లు వేలాడిన సంగతి కూడా ఇదే సూచిస్తుంది. ఒక భరణందారుడి తగాదా ముగిసిందనుకుంటే ఏ ప్రభుత్వమూ అంతకాలం హెచ్చరిక పలక నిలబెట్టదు.

కరువు, గంజి (చూ. బుడ్డా వెంగళరెడ్డి, ధాత కరువు)

తిరుగుబాటు అణిగిన ఇరవై ఏళ్లకు అదే ఊరు రెండోసారి పేరు తెచ్చుకుంది. 1866 కరువులో బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యం, డబ్బు ఖర్చుపెట్టి వేలమందికి నెలల తరబడి గంజి పోయించాడు. విక్టోరియా రాణి ప్రభుత్వం బంగారు పతకం ఇచ్చి గౌరవించింది. ఇక్కడే పాఠకుడికి తికమక కలుగుతుంది. ఒకరిని ఉరితీసిన ప్రభుత్వమే మరొకరిని సత్కరించింది. ఒకే ఊరి జనం ఇద్దరి పాటలూ పాడుకున్నారు. వెంగళరెడ్డిని దొరల పక్షం మనిషిగా చూపడానికి పతకం ఒక్కటే చాలదు. పతకం ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో చూడాలి. కరువు సహాయం ప్రభుత్వ బాధ్యతగా, నియమావళిగా రూపుదిద్దుకున్నది 1880 కరువు కమిషన్ తర్వాత. 1866లో సహాయం చాలావరకు స్థానిక దాతల దయ మీదే నడిచింది. శిస్తు తీసుకునే అధికారం కేంద్రానిది, అన్నం పెట్టే బాధ్యత ఊరిది. పతకం ఆ అసమాన పంపకానికి రసీదు లాంటిది.

దాత చేతులు ఎంతవరకు చాలతాయో పదేళ్లకే తేలిపోయింది. 1876లో మొదలైన ధాత కరువు మద్రాసు రాజధాని అంతటా లక్షలమందిని బలి తీసుకుంది. కర్నూలు జిల్లా అతి ఘోరంగా దెబ్బతిన్నవాటిలో ఒకటి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఈ జిల్లా జనంలో సుమారు నాలుగో వంతు తగ్గిపోయారు. 1866 నాటి గంజి కేంద్రం గొప్పది. అది ఊరి మంచితనానికి రుజువు, కానీ వ్యవస్థకు ప్రత్యామ్నాయం కాలేదు. వెంగళరెడ్డిని గురించిన రాతల్లో ఈ రెండో మాట అరుదుగా కనిపిస్తుంది.

ఊరి కట్టుబాటు, సామాజిక జీవనం

రైత్వారీ వచ్చాకా ఊరి లోపలి అమరిక వెంటనే చెదరలేదు. రెడ్డి పంచాయతీ, కరణం దస్త్రం, తలారి కావలి, కంసాలి, వడ్ల, చాకలి, మంగలి వంటి చేతివృత్తులవారికి కళ్లంలో మేర (ధాన్యం వాటా), ఇవి 20వ శతాబ్దం దాకా సాగాయి. ఈ అమరికను స్వయంపోషక గ్రామ గణతంత్రంగా పొగడడం ఒకప్పుడు వాడుక. మేర ఎవరు కొలిచారు, ఎవరు చేయి చాచారు అని అడిగితే ఆ బొమ్మ నిలవదు. అయితే ఊరు ఒక సముదాయంగా కూడిన సందర్భాలు నిజమైనవే. రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగ హిందువులు, ముస్లింలు కలిసి చేసుకునేది. పీర్లచావిడి ముందు గుండం తొక్కేవారిలో కులమతాల లెక్క ఉండదు. అహోబిలం నరసింహస్వామి పార్వేట ఉత్సవం మరో బంధం. కనుమ నాడు బయలుదేరిన ఉత్సవమూర్తులు నలభై రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో తిరుగుతాయి. భక్తుడు గుడికి వెళ్లడం కాక దేవుడే ఊరూరా వచ్చి మొక్కులు తీసుకోవడం ఇక్కడి విశేషం. అన్నిటికీ ఊరే బయటికి వెళ్లాల్సిన చోట, ఏడాదికొకసారి కేంద్రమే ఊరికి వస్తుంది. ఈ సీమలో నరసింహ అన్న పేరు ఇంటింటా వినిపించడం వింత కాదు.

ఊరి జ్ఞాపకం ప్రధానంగా పాటలో బతికింది. నరసింహారెడ్డి, వెంగళరెడ్డి పాటలను కోలాటగాళ్లు, జానపద గాయకులు తరాలుగా పాడారు. పాట చరిత్రకు ఆధారమా అన్న అభ్యంతరం సబబైనదే. పాటలో తేదీలు జారతాయి, శత్రువు రాక్షసుడవుతాడు. తేదీల కోసం కంపెనీ పత్రాలనే నమ్మాలి. ఎవరు తమను ఆ కథలో భాగంగా భావించారన్నది మాత్రం పత్రాలు చెప్పలేవు, పాట చెబుతుంది.

పాలెగాడి నుంచి నేటి ఫ్యాక్షన్ దాకా ఒకే గీత గీయడం ఆళ్లగడ్డ ప్రాంతం గురించి రాసేవారికి అలవాటు. కావలి రుసుము కోసం బలగం పోషించడం వేరు. పంచాయతీ ఎన్నికలు, సహకార సంఘాలు, కాంట్రాక్టులు వచ్చాక వాటి చుట్టూ వర్గాలు కట్టడం వేరు. రెండింటి నడుమ నూరేళ్లకు పైగా ఖాళీ ఉంది.

తాలూకా నుంచి మండలం (చూ. కోవెలకుంట్ల, నంద్యాల జిల్లా)

ఊరు కదలకుండానే దాని జిల్లా కేంద్రం మారుతూ వచ్చింది. తిరుగుబాటు నాటికి కోవెలకుంట్ల తాలూకా కడప జిల్లాలోది. 1858లో దాన్ని కర్నూలు జిల్లాలో కలిపారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడడంతో ఉయ్యాలవాడ అందులోకి వచ్చింది. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లు కర్నూలే ఆంధ్ర రాష్ట్ర రాజధాని. అప్పట్లో ఈ ఊరి జిల్లా కేంద్రమే రాజధాని కూడా. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది.

1984లో మునసబు, కరణం వంటి వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయ్యాయి. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఉయ్యాలవాడ మండల కేంద్రమైంది. నరసింహారెడ్డి పేరుతో ముడిపడిన రూపనగుడి కూడా ఈ మండలంలోదే. తవర్జీ కోసం కోవెలకుంట్ల వెళ్లిన ఊరికి నూటముప్పై తొమ్మిదేళ్ల తర్వాత సొంత కచేరీ దక్కిందన్నమాట. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ధ్రువపత్రాలు, పింఛన్ల పని ఊళ్లలోకే దిగింది. 

నేటి స్థితి

ఇంత జరిగాక కూడా ఈ ఊరిని శివారు అనడం ఎందుకన్న ప్రశ్న రావచ్చు. కచేరీ రావడం వేరు, కేంద్రం కావడం వేరు. పట్నాన్ని పెంచేవి దారి, సంత, చదువు, వైద్యం. 40వ జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా పోతుంది. 2016లో పూర్తయిన నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సం మీదుగా సాగుతుంది. రెండు మార్గాల నడుమ ఉన్న ఉయ్యాలవాడ రెండింటికీ దూరమే. శనగ, పత్తి అమ్మకానికి, కాలేజీకి, పెద్దాసుపత్రికి నంద్యాల, ప్రొద్దుటూరు, ఆళ్లగడ్డ వైపు వెళ్లాల్సిందే. ఇలా చూస్తే ప్రతి పల్లే శివారే కదా అనవచ్చు. నిజమే, ఆ మాటలో అబద్ధం లేదు. అయితే చాలా పల్లెల్లో ఈ ఆధారపడడం చప్పుడు లేకుండా జరిగిపోయింది. ఉయ్యాలవాడలో మాత్రం అది ఒకసారి ఖజానా మీద దాడిగా, మరోసారి గంజి కేంద్రంగా బయటపడి పత్రాల్లో నమోదైంది. సాధారణ విషయాన్ని చదవగలిగేలా చేసిన అసాధారణ ఆధారం కావడమే ఈ ఊరి ప్రాముఖ్యం.

పట్నంలో కలవకపోవడం వల్ల ఊరికి మిగిలిందీ ఉంది. నూనెపల్లె నేడు నంద్యాలలో ఒక పేట, అక్కడ విడిగా పంచాయతీ లేదు. ఉయ్యాలవాడకు తన సర్పంచి, తన పొలిమేర, తన చేలు ఉన్నాయి. బెర్లిన్‌లో కలిసిన గ్రామాలకు పట్నం సదుపాయాలు అందాయి, బదులుగా అవి తమ పరిపాలన వదులుకున్నాయి. ఈ రెంటిలో ఏది మేలన్నదానికి ఒకే జవాబు లేదు. ఆసుపత్రికి దారి కావాల్సినవారు ఒకలా, రేగడి చేను ఉన్నవారు మరోలా చెబుతారు.

ఊరి పేరు మాత్రం ఊరిని దాటి పోయింది. 2021 మార్చి 25న ప్రారంభమైన కర్నూలు విమానాశ్రయానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అది ఉన్నది కర్నూలు జిల్లా ఓర్వకల్లులో. కుందూ పుట్టినదీ ఆ మండలంలోనే.